వాళ్లమ్మ ఎప్పుడు ఒప్పుకుంది? ‘కరాటే కిడ్: లెజెండ్స్’ చూశాక నాలుగు మాటలు

పిల్లలకి చూపించొచ్చా అని అడుగుతున్న తల్లిదండ్రులకి ముందు జవాబు చెప్పేస్తాను. నిక్షేపంగా చూపించొచ్చు. పదేళ్లు దాటిన పిల్లలుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమా. నాకూ నచ్చింది. నచ్చింది కాబట్టే కోపమూ వచ్చింది. ఇంత మంచి కథ చేతిలో పెట్టుకుని, రైలు తప్పిపోతుందన్నట్టు ఎందుకు పరిగెత్తారు వీళ్లు?

నేను నెల్లూరులో, వేదాయపాళెం వైపు ఒక మేడ మీద కరాటే నేర్పుతాను. సినిమా 2025 మే 30న వచ్చింది. సరిగ్గా రోహిణి కార్తె. సమ్మర్ క్యాంపు పిల్లలతో మేడ కిటకిటలాడే రోజులు. పొద్దున ఆరు కాకముందే వార్మప్ మొదలుపెట్టి ఏడున్నరకల్లా వదిలెయ్యాలి, ఆ తర్వాత గచ్చు మీద ఉత్తకాళ్లతో నిలబడలేరు. మధ్యాహ్నమంతా ఇళ్లల్లో ఫ్యాన్ కింద పడుండే పిల్లలకి సినిమా అంటే పండగే. రాగలిగిన పిల్లల్నీ, వాళ్లతో వచ్చిన అమ్మల్నీ కలుపుకుని మాల్‌లో మధ్యాహ్నం ఆటకి పోయాం. ఇంగ్లీషులోనే చూశాం. హిందీలో అయితే జాకీ చాన్‌కి అజయ్ దేవగన్, కుర్రాడికి ఆయన కొడుకు యుగ్ గొంతిచ్చారు.

బయట ఈ సినిమాకి వచ్చిన స్పందన రెండుగా చీలిపోయింది. సమీక్షలన్నీ పోగేసి శాతాలు చెప్పే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటులో బాగుందన్న విమర్శకులు అరవై శాతం దగ్గర ఆగిపోతే, మామూలు ప్రేక్షకుల్లో తొంభై శాతం దాకా బాగుందన్నారు. అమెరికాలో సినిమా విడుదలైన రోజు హాలు దగ్గరే జనాన్ని అడిగి మార్కులేసే సినిమాస్కోర్‌లో ‘ఏ మైనస్’ వచ్చింది. ఖర్చు 45 మిలియన్ డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూళ్లు 110 మిలియన్ల పైమాటే. 2010లో జేడెన్ స్మిత్‌ని పెట్టి తీసినది 40 మిలియన్లతో తయారై 350 మిలియన్లకి పైగా తెచ్చింది కాబట్టి, దాని పక్కన పెడితే ఇది చిన్న విజయమే.

విమర్శకులు రాసినవి వెతికి చదివాను. దాదాపు అందరిదీ ఒకటే గొడవ. కథ ముందే తెలిసిపోతుంది, ఒక సన్నివేశం నిలబడేలోపే ఇంకోటి వచ్చి తోసేస్తుంది, సాధన అంతా పాట వెనక ముక్కలు ముక్కలుగా చూపించి తేల్చేశారు. మరి జనం ఏమన్నారు? జాకీ చాన్, రాల్ఫ్ మాకియో ఒకే తెర మీద కనిపించారు, పిల్లలు కదలకుండా కూర్చున్నారు, కుర్రాడు బాగా చేశాడు, గంటన్నరలో ఇంటికొచ్చాం అన్నారు. రెండు వైపులా చదివాక నాకు అనిపించింది ఒక్కటే. ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారు. ఈ సినిమా ఎత్తుకున్న విషయాలు ఇంటింటివీ. అందుకే జనానికి తగిలాయి. ఎత్తుకున్న దేన్నీ పూర్తిగా దించలేదు. అందుకే విమర్శకులకి మింగుడుపడలేదు.

కథ క్లుప్తంగా. లీ ఫాంగ్ అనే కుర్రాడు బీజింగ్‌లో మిస్టర్ హాన్ దగ్గర, అంటే జాకీ చాన్ దగ్గర, కుంగ్‌ఫూ నేర్చుకుంటుంటాడు. వాళ్లన్న బో కూడా అక్కడివాడే. పోటీలో ఓడినవాడు పగబట్టి, మనుషుల్ని వెంటేసుకొచ్చి బోని పొడిచి చంపేస్తాడు. తల్లి డాక్టర్. ఉన్న ఒక్క కొడుకునీ పోగొట్టుకోలేక న్యూయార్క్‌లో ఉద్యోగం చూసుకుని వాణ్ణి తీసుకెళ్లిపోతుంది. ఇక కొట్లాట మాటెత్తొద్దని ఖరాఖండిగా చెబుతుంది. అక్కడ లీకి మియా అనే అమ్మాయి పరిచయం. వాళ్ల నాన్న విక్టర్ ఒకప్పటి బాక్సర్, ఇప్పుడు పిజ్జా కొట్టు నడుపుతూ అప్పుల్లో ఉంటాడు. మియాతో అంతకుముందు తిరిగిన కానర్ అనే కుర్రాడు లీని పట్టుకుని చావబాదుతాడు. చివరికి ‘ఫైవ్ బరోస్’ టోర్నమెంటు, గెలిస్తే 50 వేల డాలర్లు. హాన్ బీజింగ్ నుంచి దిగుతాడు. లాస్ ఏంజెలెస్ పోయి డేనియల్ లారుసోని, అంటే 1984 నాటి మన పాత కరాటే కిడ్ రాల్ఫ్ మాకియోని, పిలుచుకొస్తాడు. ఆ తర్వాత సంగతి పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది.

ఇందులో నాకు ప్రాణం లేచొచ్చిన భాగం పిజ్జా కొట్టు. నాకే కాదు, ఈ సినిమాని తిట్టిన విమర్శకుల్లోనూ చాలామందికి అదే నచ్చింది. నలభై దాటిన విక్టర్ అప్పు తీర్చడానికి మళ్లీ రింగులోకి దిగాలనుకుంటాడు. అతనికి నేర్పేది పదిహేడేళ్ల లీ. గురువు స్థానంలో పిల్లవాడు, శిష్యుడి స్థానంలో ఒళ్లు బరువెక్కిన పెద్దాయన. ఇప్పటిదాకా వచ్చిన కరాటే కిడ్ సినిమాల్లో ఇట్టాంటిది లేదు. లీ పాత్ర వేసిన బెన్ వాంగ్, విక్టర్ వేసిన జాషువా జాక్సన్ ఇద్దరూ ఎంత హాయిగా చేశారంటే, అక్కడ నేను కరాటే మాస్టర్నన్న సంగతే మర్చిపోయి చూశాను.

ఎందుకంత తగిలిందో చెబుతాను. మా దగ్గరికి ఉద్యోగస్తులు కూడా వస్తుంటారు. షుగరొచ్చిందని డాక్టరు చెప్తే వచ్చినవాళ్లు, మోకాళ్లు పట్టేశాయని వచ్చినవాళ్లు. మా పద్ధతిలో వరసలో ఎక్కడ నిలబడాలో బెల్టే చెబుతుంది, వయసు చెప్పదు. అంటే యాభై ఏళ్ల తెల్ల బెల్టు ముందు పన్నెండేళ్ల పర్పుల్ బెల్టు నిలబడుతుంది. ఆ పిల్ల వచ్చి “అంకుల్, మడమ నేలకి ఆనించాలి” అని సర్దితే, బ్యాంకులో పదిమంది చేత సలాములు కొట్టించుకునే ఆయన “సరేమ్మా” అని సర్దుకుంటాడు. ఆ క్షణంలో ఇద్దరి మొహాలూ చూడాలి. పెద్దాయన మొహంలో కొంచెం సిగ్గు, పిల్ల మొహంలో కొంచెం భయం, రెండింటి వెనకా గౌరవం. సినిమా దీన్ని పట్టుకుంది. లీ చెబుతుంటే విక్టర్ ముందు నవ్వులాటగా తీసుకోవడం, దెబ్బ తగిలాక చెవొగ్గడం, అన్నీ నిజమే.

కానీ సగం దారిలో విక్టర్ రింగులో అన్యాయంగా దెబ్బలు తిని ఆసుపత్రి పాలవుతాడు. అక్కడితో ఆ కథని పక్కకి నెట్టేశారు. జాకీ చాన్ దిగుతాడు, సినిమా ఇంకో సినిమా అయిపోతుంది. అంతవరకూ నేర్పిన కుర్రాడు మళ్లీ నేర్చుకునే కుర్రాడైపోతాడు. విక్టర్‌కి నేర్పడం వల్ల లీకి ఏం తెలిసొచ్చింది? ఇంకొకడికి చెప్పేటప్పుడే మన తప్పులు మనకి కనిపిస్తాయి, ఇది నేర్పినవాడెవడైనా చెబుతాడు. ఆ సంగతి టోర్నమెంటులో ఎక్కడైనా పనికొస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూశాను. రాలేదు.

ఇక తల్లి సంగతి. నేను ఇది రాయడానికి అసలు కారణం ఆమె.

విమర్శకులెవరూ ఆ పాత్ర దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. మింగ్-నా వెన్ బాగా చేసిందని ఒక వాక్యం రాసి దాటిపోయారు. మా హాల్లో మాత్రం సినిమా అంతా ఆమెదే. పెద్ద కొడుకు శవాన్ని చూసిన తల్లి చిన్నవాడు చెయ్యెత్తితే ఎట్టా ఊరుకుంటుంది? మా పక్క వరసలో కూర్చున్న అమ్మలందరూ ఆమె మాట్లాడినప్పుడల్లా తలూపుతున్నారు.

మా క్లాసులో ఆడపిల్లల సంగతి తెలిస్తే ఈ తలూపడం అర్థమవుతుంది. కటాలకి, అంటే ఎదురుగా ఎవరూ లేకుండా ఒక వరసలో వేసే కదలికలకి, ఏ అమ్మా అడ్డం చెప్పదు. స్కూలు వార్షికోత్సవంలో కటా వేయిస్తే ముందు వరసలో నిలబడి వీడియో తీస్తారు. కుమిటే, అంటే ఎదురెదురు నిలబడి కొట్టుకునే పోటీ అనేసరికి మొహాలు మారిపోతాయి. “మూతి పగిలితే రేపు పెళ్లిచూపుల్లో ఏం జెప్పుకోవాల నాయనా?” అని ఒక నాయనమ్మ మేడ మెట్లెక్కి వచ్చి మరీ అడిగింది. ఆ ముసలామెని తప్పుపట్టను. ఆమెకి తెలిసిన లోకంలో అది నిజమైన భయమే.

మాతో సినిమాకొచ్చిన వాళ్లలో ఒకామె నర్సు. భర్తకి ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. కూతురు బ్రౌన్ బెల్టు. ఆమె ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తుంది కాబట్టి బైకు మీదనుంచి పడ్డ కుర్రాళ్లనీ, తాగి కొట్టుకున్నవాళ్లనీ రోజూ చూస్తుంది. సినిమా మధ్యలో నాతో అంది: “ఆ డాక్టరమ్మ తప్పేముంది సార్? నేనైనా అంతే జేస్తా.” సినిమా అయ్యాక మెట్లు దిగుతూ అడిగింది: “అవును సార్, వాళ్లమ్మ ఎప్పుడొప్పుకుంది? ఫోనొచ్చి నేను బయటికి పొయ్యుంటినే, అప్పుడా?”

అప్పుడు కాదమ్మా అని చెప్పాను. నువ్వు బయటికి పోయింది టోర్నమెంటులో. అంతకుముందే అయిపోయింది, నీ కళ్ల ముందే అయిపోయింది, నీకు తెలియనంత చిన్నగా అయిపోయింది.

ఆమె అడిగిన ఆ ఒక్క మాట నేను చదివిన సమీక్షలన్నిటికంటే పదునైంది. సినిమా మొదటి సగం ఆ తల్లి వద్దనడం మీదే నిలబడింది. ఆమె మనసు మారడం అంటే కథకి నడుం. దాన్ని ఒకటి రెండు పొట్టి సన్నివేశాల్లో చుట్టేశారు. ఫైనల్‌కొచ్చేసరికి ఆమె కొడుకు పక్షాన ఉంది. ఎట్టా వచ్చింది, ఏం చూసి వచ్చింది, రాత్రి నిద్రపట్టిందా? తల్లి ఒప్పుకోవడం అంటే తల ఊపడమేనా?

మా నర్సమ్మ ఎట్టా ఒప్పుకుందో నేను చూశాను కాబట్టి చెబుతాను. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చింది. అరుగు మీద పరిచిన సామాన్లు ఒక్కొక్కటే తీసి చూసింది. గ్లవ్‌ని బొటనవేలితో నొక్కి, స్పాంజి ఎముక దాకా దిగిపోతుందా లేదా అని తన పిడికిలి మీదే కొట్టుకుంది. ఛాతీ గార్డు లోపల చెయ్యిపెట్టి తడిమింది. గమ్ గార్డు చేతిలోకి తీసుకుని ఇదెట్టా సరిపోతుంది, పాప పళ్లు వేరే కొలత గదా అంది. వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాక కొరికితే పళ్ల అచ్చుకి తగ్గట్టు కూర్చుంటుందని చెప్పాను. ఇంటికి తీసుకెళ్లి తనే చేసింది. మర్నాడు కూతురి నోట్లో పెట్టించి, దవడ అటూ ఇటూ కదిలించి చూసుకుని, అప్పుడు ఫారం మీద సంతకం పెట్టింది. పోటీ రోజు మాత్రం రాలేదు. డ్యూటీ ఉందంది. డ్యూటీ లేదని కూతురే తర్వాత చెప్పింది.

ఇంతకంటే పెద్ద సన్నివేశం అక్కర్లేదు. రెండు నిమిషాలు చాలు. లీ వాళ్లమ్మ డాక్టరు గదా, కొడుకు కట్టుకునే గార్డుని చేత్తో పట్టుకుని ఒక్కసారి నొక్కి చూసుంటే హాలంతా అర్థం చేసుకునుండేది. ఈ సినిమాకి అంత తీరిక లేదు.

తీరిక అన్నాను కాబట్టి ఒక లెక్క. 1984లో వచ్చిన మొదటి ‘కరాటే కిడ్’ నిడివి 127 నిమిషాలు. 2010 నాటిది 140 నిమిషాలు. ఇది 94. పాతవాటిలో ఒక గురువు, ఒక శిష్యుడు. దీంట్లో ఇద్దరు గురువులు, ఒక శిష్యుడు, ఆ శిష్యుడికి ఇంకో శిష్యుడు, ఒక చనిపోయిన అన్న, ఒక తల్లి, ఒక ప్రేమ, ఒక అప్పు, రెండు రకాల పోటీలు. మనుషులు పెరిగారు, నిమిషాలు తగ్గాయి. విమర్శకుల కోపమంతా ఈ లెక్కలోనే ఉంది, నేను వాళ్లతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

పోటీకి లీ తయారయ్యేది వారం రోజుల్లో. కుర్రాడికి ముందే కుంగ్‌ఫూ వచ్చు కాబట్టి వారంలో కరాటే కలుపుతారు అనుకోమంటారు. మేం నేర్పేది షోటోకాన్ అనే కరాటే పద్ధతి. దాంట్లో పిల్లలకి మొదట చెప్పే కటా హెయాన్ షోడాన్, 21 కదలికలు. అడుగుల వరస వారంలో వచ్చేస్తుంది. ముందుకెళ్లేటప్పుడు తల పైకీ కిందకీ ఊగకుండా రావడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ తేడా పిల్లలకి చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. ఈ సినిమా చూసొచ్చిన మర్నాడు ఒకడు “మాస్టర్, నేను గూడా వారంలో అట్టా చెయ్యగలనా?” అన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. వాడి మీద నాకు కోపం రాలేదు, ఆ సినిమా ఎడిటింగ్ మీద వచ్చింది.

1984 సినిమా గొప్పదనమంతా అక్కడే. జాన్ జి. అవిల్డ్‌సెన్ తీశాడు, బాక్సింగ్ మీద ‘రాకీ’ తీసి ఆస్కార్ కొట్టిన ఆయనే. అందులో గురువు మియాగీ ఆ కుర్రాడు డేనియల్ చేత కార్లు పాలిష్ పట్టించాడు, నేల రుద్దించాడు, కంచెకి రంగేయించాడు. కుర్రాడితో పాటు మనకీ విసుగొచ్చేదాకా చూపించారు. వెట్టిచాకిరీ చేయించుకుంటున్నావని డేనియల్ ఎదురు తిరిగినప్పుడు, మనం కూడా నిజమే గదా అనుకుంటాం. అప్పుడు మియాగీ చెయ్యి విసురుతాడు, కుర్రాడి చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరిగి అడ్డుకుంటుంది. నేను మవాషి ఉకే, అంటే చెయ్యి గుండ్రంగా తిప్పి దెబ్బని అడ్డుకోవడం, నేర్పేటప్పుడు ఇప్పటికీ పాత కిటికీ అద్దం చూపించి తుడవమంటాను. భుజం లేవకుండా, మోచెయ్యి పక్కటెముకల దగ్గరుంచి, అరచేతి బరువు అద్దం మీద సమానంగా పడేట్టు తుడవాలి. అద్దం మీద గీతలు పడితే బరువు సమంగా లేదన్నమాట. మాటలతో చెప్పలేనిది ఆ గీతలే చెబుతాయి.

ఆ సినిమాకి విమర్శకులూ జనమూ ఒక్కటే మాట చెప్పారు. పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకి నాలుగు స్టార్లిచ్చాడు. 8 మిలియన్లతో తీసినది అమెరికాలోనే 90 మిలియన్లు తెచ్చింది. మియాగీగా చేసిన పాట్ మోరిటాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మొదట నిర్మాతకి అతను వద్దే వద్దు, కామెడీ వేషాలేసేవాడు ఇంత బరువైన పాత్ర ఏం చేస్తాడన్నాడు. ఒక రాత్రి మియాగీ తాగి, పాత సైనిక దుస్తులు వేసుకుని, యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో కాన్పు కష్టమై పోయిన భార్యనీ బిడ్డనీ తలుచుకునే ఘట్టం ఉంది. అది కథకి అడ్డం, తీసెయ్యండన్నారు స్టూడియో పెద్దలు. దర్శకుడు తియ్యలేదు. తనకి నామినేషన్ తెచ్చింది ఆ ఘట్టమేనని మోరిటా నమ్మాడు. వెన్నెముక క్షయతో బాల్యమంతా ఆసుపత్రిలో గడిపి, నడక వచ్చిందో లేదో, అమెరికా పడమటి తీరంలోని జపనీయులతో పాటు శిబిరానికి పోయిన మనిషి ఆయన. ఆ దుఃఖం నటన ఎట్టా అవుతుంది?

ఆ ఘట్టాన్ని తీసేసి ఉంటే ఆ సినిమా కూడా చకచకా నడిచుండేది. కొత్తదాంట్లో అట్టాంటి ఘట్టాలకి చోటుంది. అన్న చావు ఉంది, తన దగ్గర నేర్చుకున్న పిల్లవాడు పోయాడన్న బాధ హాన్‌కి ఉండాలి. జాకీ చాన్‌కి డెబ్బై దాటాయి. 2010లో కారు పగలగొట్టే సన్నివేశంలో ఆయన ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. ఆ నటుణ్ణి తెచ్చుకుని, ఎక్కువసేపు మాకియోతో మాటకి మాట అనిపించారు. ఆ సరదా బాగుంది, పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఇద్దరు గురువులూ ఒక రాత్రి కూర్చుని పోయినవాళ్ల గురించి మాట్లాడుకుంటే వినాలనిపించింది.

ఫైట్ల గురించి పిల్లలకీ నాకూ మధ్య పెద్ద వాదం నడిచింది. వీధి ఫైట్లు బాగున్నాయి. బెన్ వాంగ్ కదలికలో అబద్ధం లేదు, తన్నేటప్పుడు నేల మీద కాలు సరిగ్గా తిరుగుతుంది, నడుం తర్వాతే కాలు వస్తుంది. దగ్గరున్న కుర్చీనో గిన్నెనో వాడుకుంటూ తప్పించుకునే పాత జాకీ చాన్ పద్ధతి కొంత ఉంది. టోర్నమెంటు దగ్గరికొచ్చేసరికి తెర మీద బొమ్మలు, పాయింట్లు, వీడియో గేమ్ హంగులు ఎక్కువై, ఎవడు ఎవడిని ఎట్టా కొట్టాడో కన్నుకి అందలేదు. ఒక దెబ్బ పూర్తిగా చూపించండి స్వామీ అనిపించింది. చివరి పోటీ ఆకాశహర్మ్యం పైకప్పు మీద. ఆ డ్రాగన్ కిక్‌కి మా పిల్లలు కుర్చీల్లోంచి లేచారు. లేచి తీరాల్సిన దెబ్బే, కాదనను.

మర్నాడు క్లాసంతా 1984 సినిమా చివర్లో డేనియల్ ఒంటికాలి మీద నిలబడి తన్నిన క్రేన్ కిక్ గొప్పా, ఇది గొప్పా అన్న దాని మీదే. దాంతోపాటు నలభై ఏళ్లుగా జనం కొట్టుకుంటున్న ప్రశ్న: డేనియల్ తన ప్రత్యర్థి జానీని మొహం మీద తన్నిన ఆ తన్ను అసలు చెల్లుతుందా? అందుకే పిల్లల్ని కూర్చోబెట్టి ఇప్పటి వరల్డ్ కరాటే ఫెడరేషన్ రూల్సు చెప్పాను. గుద్దుకి ఒక పాయింటు, పొట్ట మీద తన్నుకి రెండు, తల ఎత్తులో తన్నుకి మూడు. అంటే తలకి తన్నడం తప్పు కాదు, దానికే ఎక్కువ పాయింట్లు. అదుపు లేకుండా తగిలితే మాత్రం పాయింటు రాకపోగా శిక్ష పడుతుంది. పిల్లల పోటీల్లో ఆ విషయంలో ఇంకా కఠినం. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే ఆట అక్కడే ముగుస్తుంది. ఇప్పటి రిఫరీ అయితే డేనియల్‌కి పాయింటు బదులు పెనాల్టీ చూపిస్తాడన్నాను. “అయితే జానీనే గెలిచినట్టా మాస్టర్?” అని ఒకమ్మాయి దిగులుగా అడిగింది. ఆ సినిమాలో ఆ పోటీ రూల్సు వేరమ్మా, అక్కడ రిఫరీ ఒప్పుకున్నాడు కాబట్టి డేనియలే గెలిచాడు అని చెబితే గానీ స్థిమితపడలేదు.

నాకు బాగా నచ్చిన ఇంకో సంగతి మొదట్లోనే వస్తుంది. 1986 నాటి రెండో భాగంలోని మియాగీ మాటల్ని తెచ్చి వాడుకున్నారు. వాళ్ల పూర్వీకుడు షింపో మియాగీ తాగి పడవలో నిద్రపోయి, లేచేసరికి చైనా తీరంలో ఉన్నాడన్న కథ. దాన్ని పట్టుకుని, ఆ మియాగీ హాన్ వంశం దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకున్నాడని, కరాటే, కుంగ్‌ఫూ ఒకే చెట్టుకి రెండు కొమ్మలని ముడేశారు. కొందరు సమీక్షకులు ఇది రెండు సినిమాలని అతికించడానికి వేసిన అతుకు అన్నారు. సినిమా అవసరానికి వేసిన అతుకే కావచ్చు. చరిత్ర మాత్రం ఆ పక్కనే ఉంది. జపాన్‌లోని ఒకినావాకి చెందిన హిగావోన్నా కన్‌ర్యో నిజంగానే చైనాలోని ఫుజౌ పోయి నేర్చుకొచ్చాడు. ఆయన శిష్యుడు చోజున్ మియాగీ గోజూ-ర్యూ అనే కరాటే పద్ధతి పెట్టాడు. మొదటి సినిమా రాసిన రాబర్ట్ మార్క్ కేమెన్ గోజూ-ర్యూ నేర్చుకున్నవాడే. ఆ ఇంటిపేరు అక్కడిదే. మా తరం నెల్లూరు పిల్లలకి కరాటే మద్రాసు నుంచి రైలెక్కి వచ్చింది, సుమన్, భానుచందర్ సినిమాలు చూసి అది అక్కడే పుట్టిందనుకునే వాళ్లం. విద్య ఎక్కడినుంచి ఎక్కడికి నడిచొస్తుందో పిల్లలకి చెప్పడానికి ఆ రెండు నిమిషాల బొమ్మ నాకు చాలా పనికొచ్చింది.

కొత్తగా చూసేవాళ్లకి ఒక సలహా. పాత సినిమాల కథని కొనసాగిస్తూ 2025 ఫిబ్రవరిలో ముగిసిన ‘కోబ్రా కాయ్’ సిరీస్ చూడకపోయినా ఈ సినిమా అర్థమవుతుంది. 1984 సినిమా చూడకపోతే మాత్రం డేనియల్ ఎవరో, హాన్ అంత దూరం పోయి అతన్నే ఎందుకు పిలుచుకొచ్చాడో పిల్లలకి ఎక్కదు. ముందు అది, తర్వాత 2010 నాటిది, ఆఖరికి ఇది. 2010 నాటిదాంట్లో నేర్పేది కుంగ్‌ఫూ, పేరు కరాటే, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పి కూర్చోబెట్టండి.

మా మేడ మీద గోడకి తెల్లదుప్పటి కట్టి, వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకి 1984 సినిమా వేస్తున్నాం. పిల్లలతో పాటు అమ్మలు, నాయనమ్మలు కూడా రండి. కుమిటే ఫారాలు ఇంకా సంతకం కానివాళ్ల కోసం గ్లవ్సూ, ఛాతీ గార్డులూ, గమ్ గార్డులూ బల్ల మీద పెట్టి ఉంచుతాను. నొక్కి చూసుకోవచ్చు.